ఎంబీబీఎస్ సీటు ఎవరికి ఇవ్వాలి?

సభకు నమస్కారం.

ఈ హాల్లో డాక్టర్లున్నారు, నీట్‌కు చదువుతున్న పిల్లలున్నారు, వాళ్ల వెంట వచ్చిన అమ్మానాన్నలున్నారు. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వైద్య విద్యకు మార్కులు కావాలి. కానీ ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది చివరి మార్కు దాకా వాటితోనే తేల్చడం న్యాయం కాదు.

నీట్ లెక్క మీకు తెలిసిందే. 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరైన జవాబుకు నాలుగు వస్తాయి, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. ఒక్క ప్రశ్న దగ్గర పొరబడితే అయిదు మార్కుల తేడా. 2024లో ఈ పరీక్ష రాసినవాళ్లు 23 లక్షల పైచిలుకు. అంతమంది పోటీలో ఆ అయిదు మార్కులు వేల ర్యాంకులను తారుమారు చేస్తాయి. 640 వచ్చిన అమ్మాయి కంటే 635 వచ్చిన అబ్బాయి తక్కువ డాక్టరవుతాడని ఏ అధ్యాపకుడూ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేడు. 300కూ 640కీ మధ్య తేడా మాత్రం నిజం. అనాటమీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ తట్టుకోవాలంటే చదువులో పట్టుండాలి, దాన్ని కాదనడం పిల్లలకే అన్యాయం. మార్కు గడపలా ఉండనివ్వండి. ఆ గడప దాటినవాళ్లలో ఎవరిని తీసుకోవాలన్నదే నా ప్రశ్న.

ఆ మార్కు ఏ పరిస్థితుల్లో వచ్చిందో కూడా చూడాలి. లాంగ్‌టర్మ్ అంటే ఏమిటో మన రాష్ట్రంలో ప్రతి ఇంటికీ తెలుసు. ఇంటర్ అయ్యాక ఏడాది, చాలకపోతే ఇంకో ఏడాది, హాస్టల్లో ఉంచి నీట్ ఒక్కటే చదివిస్తారు. అందుకు డబ్బుండాలి, ఆ పిల్లవాడి సంపాదన కోసం ఇల్లు ఎదురుచూడకుండా ఉండాలి. ఏజెన్సీ గురుకులంలో చదివి తొలిసారే 480 తెచ్చుకున్న పిల్ల ఒకరు, మూడో ప్రయత్నంలో 560 తెచ్చుకున్న నగరం పిల్లవాడు ఒకరు అనుకుందాం. అంకె ఒక్కటే చూస్తే మనం కొలుస్తున్నది తెలివినా, వసతినా? రిజర్వేషన్లు దీనికి కొంత జవాబిస్తున్నాయి, అవి ఉండి తీరాలి. అయితే ఒకే వర్గంలో సర్కారు బడి పిల్లకూ కార్పొరేట్ కాలేజీ పిల్లకూ ఉన్న ఎడాన్ని అవి పట్టుకోలేవు. తమిళనాడు 2020లో దీనికో చట్టం చేసింది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ బడుల్లో చదివి నీట్‌లో అర్హత పొందినవాళ్లకు ప్రతి వర్గంలోనూ 7.5 శాతం సీట్లు కేటాయించింది. నీట్ ఉండగానే ఇది సాధ్యమైంది.

ఇక మార్కుల్లో కనిపించని గుణాల సంగతి. ఓపీలో విద్యార్థి ఒక గిరిజన మహిళను, ‘నొప్పి ఎన్నాళ్ల నుంచి?’ అని అడుగుతాడు. ‘కోతలప్పటి నుంచి బాబూ’ అంటుంది ఆమె. అతనికి కావలసింది రోజుల లెక్క. అదే ప్రశ్న గొంతు పెంచి మళ్లీ అడుగుతాడు, ఆమె తల దించుకుంటుంది. పక్కనున్న విద్యార్థిని స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంటుంది. ‘చోళ్ల కోతలా అమ్మా, వరి కోతలా?’ ఆ ఒక్క మాటతో నెలలు తేలిపోతాయి. మందులు మధ్యలో ఎందుకు ఆపిందో, కొండ దిగడానికి ఎవరిని బతిమాలుకుందో ఆ తర్వాత ఆమే చెబుతుంది. రోగ నిర్ధారణలో సగం అక్కడే ఉంది. ఆ 180 ప్రశ్నల్లో దీన్ని పరీక్షించేది ఒక్కటీ లేదు.

అయితే ఇంటర్వ్యూ పెడదామా? ఆ మాట వినగానే మీలో చాలామందికి సిఫార్సు గుర్తొచ్చి ఉంటుంది. ఆ భయం సరైనదే. సిఫార్సు మాట అటుంచినా, మామూలు ఇంటర్వ్యూ నమ్మదగిన కొలత కాదు. 1979లో అమెరికాలోని టెక్సాస్‌లో, హ్యూస్టన్ వైద్య కళాశాలలో ఎంపికలు ముగిశాక మరో 50 సీట్లు పెంచాల్సి వచ్చింది. ఇంటర్వ్యూల తర్వాత వెనక్కి నెట్టేసినవాళ్లనే పిలిచి చేర్చుకున్నారు. చదువులోనూ, ఆ తర్వాతి శిక్షణలోనూ వాళ్లు మొదట ఎంపికైనవాళ్లకు ఏమీ తీసిపోలేదు. లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్య కళాశాల కథ ఇంకా బాధాకరం. దరఖాస్తులను వడపోసే పనిని కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు అప్పగిస్తే, అది అంతకుముందు మనుషులు చేసిన ఎంపికలనే అనుకరించి, ఆడవాళ్లకూ యూరోపియన్ కాని పేర్లున్నవాళ్లకూ మార్కులు కోసింది. ఆ వివక్ష నిజమేనని 1988లో అక్కడి జాతి సమానత్వ కమిషన్ తేల్చింది. అందుకే, మంచి మనిషిని చూడగానే గుర్తుపట్టేస్తామనే ధీమా నాకు లేదు.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ శతాబ్దం మొదట్లో రూపొందించిన పద్ధతి నాకు నచ్చుతుంది. ఒక బోర్డు ముందు ఒక ఇంటర్వ్యూకు బదులు వరసగా పది గదులు, గదికి ఎనిమిది నిమిషాలు. తలుపు మీది కాగితం చదువుకుని లోపలికి వెళ్లాలి. మన దగ్గరైతే ఒక గది ఇలా ఉండవచ్చు. లోపల ఒక తాత కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి స్కానింగ్ కోసం క్యూలో ఉన్నాడు, ఇప్పుడు యంత్రం పాడైంది. రేపు రమ్మని ఆయనకు మీరు చెప్పాలి. ఆయన ఊరికి ఆఖరి బస్సు నాలుగున్నరకు. మూలన కూర్చున్న పరీక్షకుడికి మీ ర్యాంకు తెలియదు, మీ నాన్నగారి ఉద్యోగం తెలియదు. మీరేం చెప్పారో, ఏం విన్నారో, కోపగించుకున్న మనిషి దగ్గర ఎలా నిలబడ్డారో మాత్రమే ముందే రాసుకున్న కొలమానం ప్రకారం చూస్తాడు. ఒక గదిలో తడబడినా ఇంకా తొమ్మిది గదులుంటాయి. ఒక పరీక్షకుడికి మీరు నచ్చకపోయినా మిగతావాళ్ల మార్కులుంటాయి. ఏ గదిలో ఎవరు కూర్చోవాలో ఆ ఉదయమే చీటీ తీసి తేలిస్తే సిఫార్సుకు దారి చాలావరకు మూసుకుపోతుంది. ఒక్క షరతు మాత్రం నేను వదులుకోను. మాట్లాడేది తెలుగో, ఒడియానో, కువి భాషో పిల్లల ఇష్టం. ఇంగ్లీషు ధారాళంగా రావడాన్ని దయగా పొరబడే ప్రమాదం మనకు చాలా ఉంది. దీనికీ కోచింగ్ సెంటర్లు వెలుస్తాయని అంటారు. వెలుస్తాయి. అందుకే సన్నివేశాలు ఏటా మార్చాలి, నమూనాలు ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీకీ ఉచితంగా అందాలి.

మన ఏజెన్సీలోని పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. సంతోషం. కానీ సీట్ల భర్తీ అన్ని చోట్లలాగే ర్యాంకు, రిజర్వేషన్ల ప్రకారమే. గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులను ప్రత్యేకంగా చేర్చుకుంటే వాళ్లు పల్లెల్లో పనిచేసే అవకాశం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సిఫార్సు చేసింది. జపాన్‌లో 1972లో పుట్టిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ప్రతి రాష్ట్రం నుంచీ ఇద్దరు ముగ్గురిని తీసుకుని, చదువు ఖర్చు భరించి, తొమ్మిదేళ్లు సొంత ప్రాంతంలో పనిచేయిస్తోంది. ఇప్పటికీ డోలీలో గర్భిణులను మోసుకొచ్చే కొండల మధ్య కట్టిన కాలేజీలో ఆ కొండల పిల్లలకు కొన్ని సీట్లు అడగడం అత్యాశ కాదు.

చట్టం ఒప్పుకుంటుందా అని అడుగుతారు. నీట్‌ను పక్కన పెట్టడం ఏ కాలేజీ చేతిలోనూ లేదు, 2020లో సుప్రీంకోర్టు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కేసులో ఆ సంగతి తేల్చేసింది. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల మాత్రం నీట్ మార్కులతో పాటు మరో పరీక్ష, ఇంటర్వ్యూ కూడా పెట్టి ఎంపిక చేస్తోంది. పౌర కళాశాలలకు అలాంటి వీలు కలగాలంటే పార్లమెంటు, జాతీయ వైద్య కమిషన్ కదలాలి. అది ఆలస్యమవుతుంది.

ఈలోగా ఆంధ్ర వైద్య కళాశాలలో 1923 నుంచి డాక్టర్లను తయారుచేస్తున్న ఈ విశాఖపట్నం ఒక పని చేయగలదు. ఏటా కొత్తగా చేరిన విద్యార్థులకు ఫౌండేషన్ కోర్సులోనే ఈ పది గదుల పరీక్ష పెట్టండి. సీటుతో దానికి సంబంధం ఉండకూడదు. పరీక్షకులుగా డాక్టర్లే కాక నర్సులనూ, ఏజెన్సీ ఆశా కార్యకర్తలనూ, ఓపీలో ఏళ్ల తరబడి తిరిగిన రోగులనూ కూర్చోబెట్టండి. ఆ మార్కులను సీలు వేసి భద్రపరచండి. అదే బ్యాచ్ హౌస్ సర్జన్సీ ముగించే రోజున తెరిచి, వాళ్ల నీట్ ర్యాంకుల పక్కన పెట్టి, వార్డుల్లో వాళ్ల పనితీరుతో పోల్చి, వచ్చిన ఫలితాన్ని అది ఎలా ఉన్నా ప్రచురించండి.