గర్భసంచి తీయమంటే, ముందు లోపల చూశారా అని అడగండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున కాలనీ కమ్యూనిటీ హాల్ ఇంతగా నిండుతుందనుకోలేదు. వెనక వరసలో మగవాళ్లు కూడా కూర్చున్నారు, సంతోషం. చాలా ఇళ్లలో ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది మీరే కదా.

"పిల్లలు పుట్టేశారు, ఇంక గర్భసంచి ఎందుకు డాక్టరమ్మా, తీసేయండి." ఓపీలో ఈ మాట పేషెంట్లే అంటుంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 పైచిలుకు. తెలంగాణలో 7 దాటారు, ఆంధ్రప్రదేశ్‌లో 9కి దగ్గరగా ఉన్నారు. అనవసరపు ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. తీయక తప్పని జబ్బులు ఉన్నాయి, కాదనను. కానీ లోపల ఏముందో చూడకుండానే తీసేయడం మీదే నా గొడవంతా.

చూసే పద్ధతి పేరు హిస్టరోస్కోపీ. బొడ్డు దగ్గర చిన్న కోత పెట్టి చేసే ల్యాప్రోస్కోపీ వేరు, ఇది వేరు. ఇందులో కోత లేదు, కుట్టు లేదు. నాలుగైదు మిల్లీమీటర్ల సన్నటి గొట్టం, దానికి లైటు, కెమెరా. యోని దారిలో, గర్భాశయ ముఖద్వారం గుండా లోపలికి పంపుతాం. గర్భసంచి గోడలు మామూలుగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, అందుకే సెలైన్ ఎక్కించి వాటిని విడదీస్తాం. అప్పుడు లోపలి గదంతా టీవీ తెర మీద కనబడుతుంది. ఇదేం నిన్నమొన్నటిది కాదు. 1869లోనే పాంటలియోనీ అనే వైద్యుడు, ముట్లుడిగాక రక్తం కనబడిన 60 ఏళ్ల ఆవిడ గర్భసంచిలోకి గొట్టంతో చూసి, పాలిప్, అంటే లోపలి పొర మీద పెరిగిన చిన్న కండ, కనిపెట్టి, సిల్వర్ నైట్రేట్‌తో కాల్చాడు.

దీని అవసరం ఎక్కువగా పడేది నెలసరి రక్తం విపరీతంగా పోయేవాళ్లకు. స్కానింగ్ రిపోర్టులో గర్భసంచి లోపలి "పొర మందంగా ఉంది" అని రాస్తారు. ఆ మందం పాలిప్ వల్లా, పొర మొత్తం పెరగడం వల్లా అన్నది చాలాసార్లు స్కాన్‌లో తేలదు. మనవాళ్లు "క్లీనింగ్" అంటారే, ఆ డీ అండ్ సీ కళ్లకు కనబడకుండా చేసే పని, మూత తీయకుండా కుండ అడుగు గీకడమే. మొదలు సన్నగా ఉన్న పాలిప్ పరికరానికి తగలకుండా పక్కకు జరిగిపోతుంది. రిపోర్టు నార్మల్ అని వస్తుంది, మరుసటి నెల మళ్లీ అదే రక్తం, ఆ తర్వాత ఎవరో ఒకరు "తీసేద్దాం" అంటారు. కెమెరాతో చూస్తే పాలిప్‌ను మొదలంటా, చాలాసార్లు అప్పుడే, తీసేయొచ్చు. తీసిన ముక్కను బయాప్సీకి తప్పకుండా పంపాలి. బయాప్సీ అనగానే క్యాన్సర్ అనుకుని టెన్షన్ పడకండి, అది తేల్చుకోవడానికే పంపేది.

ఫైబ్రాయిడ్ల విషయంలో, అంటే గర్భసంచి గోడలో పెరిగే గడ్డల విషయంలో, గడ్డ ఎంత పెద్దది అన్నదానికంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. లోపలి గదిలోకి పొడుచుకొచ్చిన చిన్న గడ్డ కూడా మనిషిని రక్తహీనతలోకి దించేస్తుంది. అలాంటివి హిస్టరోస్కోపీతో తీయొచ్చు. గడ్డ మొదలు గోడలోకి లోతుగా ఉంటే రెండోసారి చేయాల్సి రావచ్చు. బయటి వైపు పెరిగిన గడ్డలు ఈ కెమెరాకు కనబడవు. ముట్లు ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనబడినా రండి. స్కాన్‌లో పొర 4 మిల్లీమీటర్లు దాటినా, రక్తం మళ్లీ మళ్లీ వస్తున్నా ముక్క పరీక్ష చేయాల్సిందే.

పిల్లల కోసం తిరుగుతున్నవాళ్ల సంగతి. అబార్షన్ తర్వాత గీకించుకోవడం వల్ల, మన దేశంలో టీబీ వల్ల కూడా, గోడలు అతుక్కుపోతాయి. ముట్టు తగ్గిపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఆ అతుకులను చూస్తూ విడదీయవచ్చు. టీబీ అతుకులైతే ఫలితం అంత బాగుండదు, ముందే చెప్పడం నయం.

అలాగని ఐవీఎఫ్‌కు, అదే టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్సకు, వచ్చిన ప్రతి ఆవిడకూ ప్యాకేజీలో హిస్టరోస్కోపీ కలిపేయడం నాకు నచ్చదు. హైదరాబాద్‌లో ఫెర్టిలిటీ సెంటర్లకు కొదవ లేదు కాబట్టి ఈ మాట ఇక్కడే అనాలి. స్కాన్ మామూలుగా ఉన్నవాళ్లకు ఐవీఎఫ్ ముందు ఇది చేసినా బిడ్డలు పుట్టే అవకాశం పెరగలేదని 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన రెండు అధ్యయనాలు చూపించాయి. కొందరికి పుట్టుకతో ఉండే గర్భసంచి మధ్య అడ్డుగోడ కోసినా ప్రసవాలు పెరగలేదని 2021లో ఇంకో అధ్యయనం వచ్చింది. అది చిన్నదే, అయినా "కోసేద్దాం" అనేముందు ఆలోచించాలి.

ఆ నెల ముట్టు అయిపోయాక వచ్చే మొదటి వారం హిస్టరోస్కోపీకి మంచి సమయం, పొర పల్చగా ఉంటుంది. గర్భం ఉంటే, ఇన్ఫెక్షన్ ఉంటే చేయం. చూడటానికి మాత్రమే అయితే చాలామందికి మత్తు అక్కర్లేదు, ముట్టు నొప్పిలా పొత్తికడుపు పట్టేస్తుంది. పెద్ద గడ్డలకు మత్తు ఇస్తాం. 1888, 1889లో క్లోరోఫామ్ మత్తు ఎంత సురక్షితమో పరీక్షించిన కమిషన్లు నిజాం ఖర్చుతో నడిచిన ఊరు మనది, మత్తుకు భయపడకండి! గోడకు చిల్లు పడటం అరుదు. పెద్ద గడ్డలు తీసేటప్పుడు మేం లెక్క తప్పకుండా చూసేది ద్రవాన్ని. లోపలికి ఎంత పోసాం, బయటికి ఎంత వచ్చింది అని. ఆరోగ్యవంతురాలిలో 2,500 మిల్లీలీటర్ల సెలైన్ ఒంట్లో మిగిలిపోయిందంటే, గడ్డ సగంలో ఉన్నా ఆపేయాల్సిందే.

చీటీ మీద ఒక ప్రశ్న వచ్చింది: "కాపర్-టి దారం చేతికి తగలట్లేదు, ఏం చేయాలి?" ముందు గర్భం పరీక్ష చేయించుకోండి, తర్వాత స్కాన్. స్కాన్‌లో లోపలే ఉండి, మీరు తీయించుకోవాలనుకుంటే, మామూలు పరికరానికి అందకపోతే హిస్టరోస్కోపీతో చూస్తూ పట్టుకుని తీసేస్తాం. స్కాన్‌లో కనబడకపోతే పొట్టకు ఎక్స్‌రే తీయిస్తాం. అది కిందికి జారి పడిపోయి ఉండొచ్చు, గోడ దాటి పొట్టలోకి వెళ్లి ఉండొచ్చు. పొట్టలోకి వెళ్లినదాన్ని ల్యాప్రోస్కోపీతో తీయాలి.