బొగ్గు ఓడకు అసలు కష్టం ఖాళీగా తిరిగి రావడమే

"రైళ్లొచ్చాక బొగ్గు ఓడల పని అయిపోయింది." ఈ మాట ఎవరన్నా నాకు ఊరుకోబుద్ధి కాదు. ఇంగ్లండ్‌లో స్టీఫెన్‌సన్ క్లార్క్ అనే, బొగ్గు మోసే షిప్పింగ్ కంపెనీ 1730లో మొదలై 2012 దాకా నడిచింది. రైలు మింగేస్తే అన్నేళ్లు ఎలా బతికింది?

న్యూకాజిల్ దగ్గర టైన్ నదిలో బొగ్గు ఎక్కించుకుని, తూర్పు తీరం వెంట లండన్ చేర్చాలి. నిండు ఓడతో బాధ లేదు, చిక్కంతా ఖాళీ ఓడతోనే. ఖాళీ బిందెను చెరువులో వదిలి చూడండి, పక్కకు ఒరిగిపోతుంది. కాసిని నీళ్లు పట్టనిస్తే నిటారుగా నిలబడుతుంది. తెరచాప ఓడల్లో ఆ బరువు కోసం ఇసుక, కంకర పోసేవాళ్లు. పారలతో ఎత్తడం, టైన్ చేరాక పారలతోనే దించడం. దించిందంతా ఒడ్డున పోస్తే గుట్టలు లేచాయి! ఓడ నిలకడ కోసం వేసే బరువును బ్యాలస్ట్ అంటారు, న్యూకాజిల్‌లో బ్యాలస్ట్ హిల్స్ అన్న పేరు అలా వచ్చిందే. ఎవరికీ అక్కర్లేని ఇసుకకు కూలి డబ్బులు పోశారన్నమాట.

1852లో చార్లెస్ పామర్ టైన్ ఒడ్డున జారోలో 'జాన్ బోవ్స్' అనే ఇనుప ఆవిరి ఓడ కట్టాడు. ఆయన చెప్పిన లెక్క ఇది: 650 టన్నులు 4 గంటల్లో ఎక్కించి, లండన్‌లో దించి, 5 రోజుల్లో వెనక్కి. ఆ తరం ఓడల్లోనే ఇసుక పోయి నీళ్లొచ్చాయి. బిందె గుర్తుందిగా? ట్యాంకుల్లోకి నీళ్లు వదలడం, చేరాక పంపుతో తోడేయడం, అంతే. పార అక్కర్లేదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా అందమైన ఆలోచన ఇదే.

1860ల చివర్లో లండన్ బొగ్గులో రైలుది పైచేయి అయిన మాట నిజమే. కానీ ఆ శతాబ్దం ముగిసేసరికి సముద్రం మళ్లీ ముందుకొచ్చింది.

తర్వాత థేమ్స్ వంతెనల కింద దూరేందుకు పొగగొట్టం, స్తంభాలు మడిచే ఓడలొచ్చాయి. వాటి ముద్దుపేరు ఫ్లాట్ ఐరన్, అంటే ఇస్త్రీపెట్టె. ఇక్కడా మన బిందే! బొగ్గు దించగానే ఓడ తేలికై పైకి లేస్తుంది, వంతెన తగులుతుంది. నీళ్లు పట్టిస్తే కిందికి దిగుతుంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 1960ల నుంచి నార్త్ సీ గ్యాస్ రావడంతో ఈ ఓడల బొగ్గుతో గ్యాస్ తయారుచేసే ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. 1983లో లండన్‌లో బొగ్గుతో నడిచే బ్యాటర్సీ పవర్ స్టేషన్ ఆగింది. 2012లో సరుకు రవాణా రేట్లు పడిపోయి స్టీఫెన్‌సన్ క్లార్క్ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి మూసేసే దశకు, వెళ్లింది. బ్యాటర్సీలో ఇస్త్రీపెట్టెలు ఆగిన జెట్టీ మాత్రం థేమ్స్ ఒడ్డున ఇంకా ఉంది.