మూతపడ్డాయా, మూయించారా?

సభకు నమస్కారం.

పేపర్ మూతపడిందంటాం, దానంతట అదే పడిపోయినట్టు. హంగేరీ సంగతి చదివాక ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

2016 అక్టోబర్ 8, శనివారం. బుడాపెస్ట్‌లో నేప్‌సబద్షాగ్ దినపత్రిక. ఆ పేరుకు ప్రజాస్వేచ్ఛ అని అర్థం. ఆ వారాంతంలో ఆఫీసు వేరేచోటికి మారాలి. ఉద్యోగులు తమ సామాన్లు అట్టపెట్టెల్లో సర్దేసి ఇళ్లకు వెళ్లారు. శనివారం పొద్దున కొరియర్‌లో ఉత్తరం వచ్చింది: ప్రచురణ ఆపేశాం, ఆఫీసుకు రానక్కర్లేదు. మెయిల్ తెరుచుకోలేదు. వెబ్‌సైట్‌లో వార్తలు పోయి యాజమాన్యం ప్రకటనే మిగిలింది. పాఠకులకు సెలవు చెప్పుకునే చివరి సంచిక కూడా లేదు. ఆ సాయంత్రం వేలమంది పార్లమెంటు ముందు చేరారు.

1956లో పుట్టిన పత్రిక అది. కమ్యూనిస్టు పాలనలో పార్టీ గొంతుగా ఉంది, అదీ చెప్పాలి. 1989 తర్వాత ఆ కట్లు తెంచుకుంది. మూతపడే ముందు వారాల్లోనే, మంత్రి అంటాల్ రోగాన్ హెలికాప్టర్‌లో పెళ్లికి వెళ్లిన సంగతి రాసింది. ఆయన ముందు కాదన్నారు, తర్వాత ఒప్పుకున్నారు.

నష్టాలొస్తున్నాయని యాజమాన్యం అంది. నిజమే, సర్క్యులేషన్ బాగా పడిపోయింది. కానీ నష్టమొచ్చిన కొట్టు మూసేవాడు కూడా పనివాళ్లకు ముందో మాట చెబుతాడు కదా! పైగా అదే నెలలో ఆ సంస్థ మొత్తం చేతులు మారింది. కొన్నది అప్పటి ప్రధాని ఓర్బాన్ సన్నిహితులదని పేరున్న కంపెనీ.

నన్ను బాగా కదిలించింది ఆ తర్వాత జరిగింది. బుడాపెస్ట్ వీధుల్లో ఇల్లు లేనివాళ్లు అమ్ముకుని పొట్ట పోసుకునే ఓ చిన్న పత్రిక ఉంది. దాని పేరు మన మాటలో చెప్పాలంటే, నిలువ నీడ లేక. రోడ్డున పడ్డ పాత్రికేయులు తమ రాతలతో ఆ పత్రికకే ఓ ప్రత్యేక సంచిక తెచ్చారు. నీడ లేనివాళ్లే వాళ్లకు నీడనిచ్చారు.

రెండేళ్లు తిరగకుండానే మద్యర్ నెమ్‌జెత్ వంతు వచ్చింది. 1938 నాటి పత్రిక, మితవాద పాఠకులది. యజమాని షిమిచ్కా ఒకప్పుడు ఓర్బాన్‌కు ప్రాణమిత్రుడు. 2015లో చెడింది. సర్కారీ ప్రకటనలు ఎండిపోయాయి. 2018 ఏప్రిల్ 8న ఎన్నికల్లో ఓర్బాన్ గెలిచారు, 11న చివరి సంచిక వచ్చింది. మరుసటి ఏడాది ప్రభుత్వ అనుకూల పత్రిక ఒకటి అదే పేరు పెట్టుకుని బయటికొచ్చింది. స్టాల్ దగ్గర నిలబడ్డ పాత చందాదారుణ్ణి ఊహించుకోండి. పేరు తనకు తెలిసిందే, లోపల రాసేవాళ్లు వేరు.

ఆ పాత ఉద్యోగుల్లో కొందరు మద్యర్ హాంగ్ అనే వారపత్రిక పెట్టారు. అచ్చు వేయడానికి దేశంలో ప్రెస్సు దొరక్క, పొరుగున ఉన్న స్లొవేకియాలో వేయించుకుని వారంవారం సరిహద్దు దాటించి తెచ్చుకున్నారు.