సిడ్ వేసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే కూకట్‌పల్లి నుంచి, ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి వచ్చినవాళ్లు కనిపిస్తున్నారు. టీ ఇంకా రాలేదు. అది వచ్చేలోపు కష్టమైన భాగం చెప్పేస్తాను.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "డెబియన్ అన్‌స్టేబుల్ వేసుకోవచ్చా అండీ?" డెబియన్ అంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటి. దానికి మూడు రూపాలు: విడుదలైన స్టేబుల్, రాబోయే విడుదలకు సిద్ధమవుతున్న టెస్టింగ్, కొత్త సరుకు ముందుగా దిగే అన్‌స్టేబుల్. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను, ఎదురు ప్రశ్న వేస్తాను: "సోమవారం మీకు ఏం పని ఉంది?"

ఎందుకంటే నాకు ఒక సోమవారం గుర్తుంది. 32 బిట్లలో సమయాన్ని లెక్కపెట్టే యంత్రాలకు 2038లో ఆ లెక్క నిండిపోతుంది. దాన్ని సరిచేయడానికి డెబియన్‌వాళ్లు 2024 మొదట్లో వందల లైబ్రరీల (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్ ముక్కల) పేర్ల చివర 'టీ64' అని చేర్చి మళ్లీ కట్టారు. ఆ పని అన్‌స్టేబుల్‌లో వారాల తరబడి సాగింది. సగం ప్యాకేజీలు (ప్రోగ్రామ్‌ల మూటలు) కొత్త పేరు అడుగుతాయి, సగం పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. ఆ రోజుల్లో ఒక ఆదివారం రాత్రి నేను అన్ని ప్యాకేజీలనూ కొత్త వెర్షన్లకు మార్చే ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టాను. తెర నిండా పేర్లు, చివర 'కొనసాగించాలా?' అన్న ప్రశ్న. అలవాటుగా 'వై' నొక్కేశాను. తొలగించబోయేవాటి వరుసలో నా డెస్క్‌టాప్ పేరు కూడా ఉంది. చదవలేదు. రీబూట్ చేస్తే నల్లటి తెర మీద లాగిన్ అని ఒక్క ముక్క. మర్నాడు పదింటికి గచ్చిబౌలిలో స్లైడ్లు చూపించాలి. మా అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను, మూత నిండా పిల్లి బొమ్మల స్టిక్కర్లు. తప్పు ఎవరిది? ఏం తీసేయబోతోందో యంత్రం ముందే చెప్పింది. నేనే వినలేదు.

అన్‌స్టేబుల్‌కు 'సిడ్' అని పేరు పెట్టడం ఊరికే కాదు. 'టాయ్ స్టోరీ' సినిమాలో బొమ్మలను విరగ్గొట్టే పిల్లాడి పేరు అది.

"అయితే మధ్యేమార్గంగా టెస్టింగ్ వేసుకుంటాం" అంటారు చాలామంది. నాకు అభ్యంతరం ఇక్కడే. కొత్త ప్యాకేజీ ముందు సిడ్‌లోకి వస్తుంది. సాధారణంగా రెండు నుంచి పది రోజులు అక్కడ ఉండి, తీవ్రమైన బగ్ ఏదీ కొత్తగా బయటపడకపోతే టెస్టింగ్‌లోకి దిగుతుంది. వినడానికి బాగుంది. కానీ భద్రతా సవరణలు కూడా చాలావరకు ఆ దారినే రావాలి. ఆ సవరణ వేరే లైబ్రరీ మీద ఆధారపడి, ఆ లైబ్రరీ మరో బగ్ వల్ల ఆగిపోతే, సిడ్‌లో బాగైన లోపం టెస్టింగ్‌లో అలాగే కూర్చుంటుంది. స్టేబుల్‌కైతే సవరణ నేరుగా అందించే భద్రతా బృందం ఉంది. అంటే టెస్టింగ్‌లో లోపాలు తక్కువే, వచ్చినవి మాత్రం తొందరగా వదలవు.

ఇప్పుడు ఎక్స్‌జెడ్ సంగతి. అది ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ. 2024 ఫిబ్రవరిలో విడుదలైన 5.6.0లో, ఆ తర్వాతి 5.6.1లో ఎవరో దొంగదారి దాచారు. అది డెబియన్ సిడ్, టెస్టింగ్, వేరే లైనక్స్‌ల ముందు వరుస రూపాలైన ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ వంటి వాటిలోకి చేరింది. డెబియన్ స్టేబుల్‌లోకి రాలేదు. కాబట్టి ముందు వరుసలో నిలబడ్డవాళ్లకే ముందు దెబ్బ. కానీ దాన్ని పట్టుకున్నది కూడా ముందు వరుసే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు సిడ్ నడుస్తున్న యంత్రంలో, దూరం నుంచి లోపలికి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, తవ్వుకుంటూ పోయి, మార్చి 29న లోకానికి చెప్పారు. అర సెకను! మనమైతే నెట్‌ను తిట్టుకుని ఊరుకునేవాళ్లం.

మన తెలుగువాళ్లు కొందరైనా ఆ ముందు వరుసలో ఉండాలని నేననేది ఇందుకే. 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా' ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. లైనక్స్‌లో మన ఒత్తులనూ గుణింతాలనూ పేర్చేది చాలావరకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. దాని కొత్త వెర్షన్‌లో 'స్త్రీ' చెదిరితే అది మన కంటికే కనిపిస్తుంది. విడుదలకు ముందే బగ్ రాస్తే లక్షలమందికి చేరకముందే బాగవుతుంది. విడుదలైపోయాక రాస్తే చాలా సందర్భాల్లో తర్వాతి విడుదల దాకా, అంటే సుమారు రెండేళ్లు ఆగాలి.

ఇంత చెప్పినా, మీలో చాలామందికి ఇదేమీ అక్కర్లేదు. కొత్త లిబ్రేఆఫీస్ ఒక్కటే కావాలంటే, స్టేబుల్‌కు సరిపోయేలా కట్టిన కొత్త వెర్షన్లు ఇచ్చే బ్యాక్‌పోర్ట్స్ ఉంది, ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌తో కలపకుండా విడిగా వేసుకునే ఫ్లాట్‌ప్యాక్ ఉంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో వైఫై రాకపోతే బ్యాక్‌పోర్ట్స్ నుంచి కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) ఒక్కటి తెచ్చుకుని చూడండి. ఒక్క గది వెలుతురు కోసం ఇల్లంతా పడగొట్టుకోనక్కర్లేదు.

రావాలనే అనుకుంటే ఫ్రీజ్ (విడుదలకు ముందు కొత్త మార్పులు ఆపే దశ) మొదలయ్యాక టెస్టింగ్‌లోకి రండి. అప్పటి నుంచి విడుదల దాకా అది రోజురోజుకూ కుదుటపడుతూ ఉంటుంది. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాసే సోర్సెస్ ఫైలులో 'టెస్టింగ్' అని రాయకండి, ఆ విడుదల కోడ్‌పేరే రాయండి. లేకపోతే విడుదలైన మర్నాటి నుంచి మీకు తెలియకుండానే తర్వాతి విడుదల తాలూకు కొత్త సరుకు వరదలా వచ్చి పడుతుంది. సిడ్ వేసుకునేవాళ్లు ఆప్ట్-లిస్ట్‌బగ్స్ తప్పక పెట్టుకోండి. దించబోయే ప్యాకేజీలో తీవ్రమైన బగ్ ఉంటే ముందే ఆపి అడుగుతుంది. ఇంకో మాట: సిడ్ నుంచి స్టేబుల్‌కు వెనక్కి వచ్చే పద్ధతి డెబియన్ ఇవ్వదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే. కాబట్టి వేరే పార్టిషన్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో మొదలుపెట్టండి.

టీ వచ్చినట్టుంది. స్టేబుల్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌లు ఆ బల్ల మీద మూడు పెట్టాను. కాపీ చేసుకుని తిరిగి పెట్టండి. పోయిన నెల అయిదు పెట్టాను.