చెంపదెబ్బ కొట్టిన మర్నాడు: ఆఫీసు వేధింపుల మీద లఘు చిత్రాలు

ప్రేక్షకులకు నమస్కారం. పనిచేసే చోట ఎదురయ్యే లైంగిక వేధింపులను కథగా తీసుకుని మన విశాఖపట్నంలోనే తీసిన కొన్ని లఘు చిత్రాలను ఈ మధ్య వరుసగా చూశాను. వీటిలో చాలావరకు కొత్త దర్శకుల తొలి ప్రయత్నాలు కాబట్టి పేర్లు చెప్పి తప్పులెన్నను.

దాదాపు అన్ని చిత్రాలూ ఒకే దారిలో నడుస్తాయి. రుషికొండ మీద ఐటీ ఆఫీసు, రాత్రి షిఫ్టు, అద్దాల క్యాబిన్‌లోకి పిలిచే మేనేజరు, అమ్మాయి భుజం మీద పడే చెయ్యి. ఆ చేతిని కెమెరా ఎంత దగ్గరగా, ఎంతసేపు చూపిస్తుందంటే, దర్శకుడు వేధింపును ఖండిస్తున్నాడో, మన చేత చూపు తిప్పకుండా చూపించాలనుకుంటున్నాడో తేలదు. తర్వాత చెంపదెబ్బ పడుతుంది, సంగీతం హోరెత్తుతుంది, నాయిక ఆర్కే బీచ్‌లో కెరటాల వైపు నడుస్తుంది. (మన ఊరి లఘు చిత్రాల్లో ఏ సమస్యకైనా పరిష్కారం ఆ బీచ్‌లోనే దొరుకుతుంది!)

కానీ ఆమె మర్నాడు అదే క్యాబ్ ఎక్కి అదే ఆఫీసుకు వెళ్ళాలి కదా. రాజస్థాన్‌లో తన ఉద్యోగంలో భాగంగా బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీదేవిపై 1992లో జరిగిన అత్యాచారం నేపథ్యంలో సుప్రీంకోర్టు 1997లో, పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది (ఈ విశాఖ మన ఊరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు). వాటి ఆధారంగా 2013లో ఈ వేధింపుల నివారణకు చట్టం వచ్చింది. దాని ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. సాధారణంగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఆ 90 రోజులూ క్యాంటీన్‌లో ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు, సాక్ష్యం చెప్పమంటే ఎవరు మొహం చాటేస్తారు, ఇంట్లోవాళ్ళు ఉద్యోగం మానెయ్యమంటే ఆమె ఏమంటుంది? కథ ఉన్నది అక్కడే, మన దర్శకులు అడుగుపెట్టనిదీ అక్కడే. ఒక చిత్రంలోనైతే కంపెనీవాళ్ళు ఆమె పేరుతో సహా ఫిర్యాదును సోషల్ మీడియాలో పెట్టి, తామెంత మంచివాళ్ళో చాటుకుంటారు. ఫిర్యాదుదారు వివరాలు బయటపెట్టడాన్ని ఆ చట్టమే నిషేధించిందని తెలియక, దర్శకుడు దాన్ని విజయంగా చూపించాడు.

ఇక వైవిధ్యం సంగతి. నాయిక పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది, టీ కప్పులు తీసే హౌస్‌కీపింగ్ ఆమె మాత్రం నవ్వించడానికే ఉత్తరాంధ్ర యాసలో "ఏటమ్మా" అంటుంది. ఈ ఊళ్ళో సగం ఆఫీసు మాట్లాడే యాస అది! కాంట్రాక్టు మీద పనిచేసే ఆమెకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది, అయినా వేధింపు ఆమెకూ జరగవచ్చన్న ఊహ ఏ కథకూ రాలేదు. మరో చిత్రంలో ట్రాన్స్‌జెండర్ ఉద్యోగి పోస్టరు మీద పెద్దగా కనిపించి, తెర మీద రెండు మాటలతో సరిపెట్టుకుంటుంది. ఉద్యోగంలో ఆమె పట్ల వివక్ష చూపకూడదని 2019 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం ఆ ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వచ్చిందో లేదో దర్శకుడు అడిగి ఉంటే మంచి కథ దొరికేది.

వీటన్నిటిలో జగదాంబ దగ్గరి చిన్న బట్టల దుకాణంలో జరిగే చిత్రం ఒక్కటే నన్ను కట్టిపడేసింది. అక్కడ పనిచేసేది ఆరుగురే కనుక అంతర్గత కమిటీ ఉండదు, ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళాలి. ఆ విషయం తెలుసుకోవడానికే అమ్మాయికి సగం చిత్రం పడుతుంది. తనతోపాటు పనిచేసే అక్కను సాక్ష్యం అడిగినప్పుడు ఆమె జవాబివ్వకుండా చీరలు మడతపెడుతూనే ఉంటుంది, ఆ అక్కకున్న ఇంటి అద్దె భయం మనకు ముందే తెలుసు కనుక ఆమెను తిట్టుకోలేం. ఫ్యాను హోరులో కొన్ని మాటలు వినిపించవు, యజమాని పాత్ర వేసిన నటుడు అతిగా చేశాడు. అయినా ఈ వరుసలో ఒక్కటే చూసే తీరిక ఉంటే దీన్నే చూడండి.