పాత ఇళ్ళలో అల్యూమినియం తీగలు, వాటి అతుకులు

(పర్లాకిమిడిలో తెలుగువారి సభలో ఒక విశ్రాంత ఐటీఐ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వైరింగు పని మీద బతుకుతున్న సోదరులకు నమస్కారం.

నా చేతిలో ఉన్నది అయిదు ఆంపియర్ల పాత ప్లగ్ సాకెట్. ముందు వైపు నుంచి చూస్తే దీనికి ఏ లోపమూ కనిపించదు. వెనక్కి తిప్పితే మాత్రం ఎడమవైపు స్క్రూ చుట్టూ బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) నల్లబడి, పెళుసెక్కి, గోటితో గీస్తే పొడిగా రాలుతుంది. ఆ స్క్రూ కింద అంగుళం పొడవున తీగ ముక్క ఇంకా మిగిలి ఉంది. దాని మీది తొడుగు బుడగలు కట్టి వెనక్కి ముడుచుకుపోయింది, తీగ కొసకు బూడిద రంగు పొడి పట్టింది. ఇది మా అక్కగారి వంటింట్లో బియ్యం డబ్బా పక్కన గోడకు ఉండేది. వంటింట్లో చేపలు మాడిన వాసన వస్తోందని అక్క రెండు వారాల పాటు అంటూనే ఉంది. ఆ ఇంట్లో చేపలు వండరు కనుక, ఎలుక ఏదైనా చచ్చిందేమోనని అటకంతా వెతికారు. బేకలైటూ ప్లాస్టిక్ తొడుగూ వేడెక్కితే సరిగ్గా అలాంటి వాసనే వస్తుందని వారికి తెలియదు. ఆ రెండు వారాల్లో ఫ్యూజు ఒక్కసారి కూడా పోలేదు. గోడలో ఒక చోట ప్లాస్టిక్ కాలుతూ ఉంటే ఫ్యూజు ఎందుకు ఊరుకుంది అన్నదే ఈ రోజు నా ప్రసంగానికి విషయం.

ముందుగా ఈ తీగలు మన ఇళ్ళలోకి ఎలా వచ్చాయో చెప్పాలి. మన దేశంలో రాగి ఖనిజం తక్కువ, కావలసిన రాగిలో ఎక్కువ భాగాన్ని విదేశీ మారక ద్రవ్యం పోసి కొనుక్కోవలసి వచ్చేది. అల్యూమినియానికి కావలసిన బాక్సైటు మాత్రం మన కొండల్లోనే ఉంది. కోరాపుట్ జిల్లా పంచ్‌పట్మాలి గనులు, దమన్‌జోడి శుద్ధి కర్మాగారం, 1981లో ఏర్పడిన నాల్కో సంస్థ ఈ సభలో చాలామందికి బాగా తెలిసినవే, మన కుటుంబాల పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేశారు కూడా. అందువల్ల 1990లకు ముందరి దశాబ్దాల్లో కట్టిన మధ్యతరగతి ఇళ్ళలో చెక్క బద్దీల మీద క్లిప్పులతో బిగించిన తీగల్లో చాలా భాగం అల్యూమినియమే. మన ఇళ్ళలో రాగి తీగ మామూలు కావడం 1990ల నుంచి మొదలైంది.

అల్యూమినియం చెడ్డ లోహం అని నేను చెప్పడం లేదు. వీధి స్తంభాల మీద వెళ్ళే తీగ అల్యూమినియమే, స్తంభం నుంచి మన మీటరు దాకా వచ్చే సర్వీసు తీగ కూడా చాలా చోట్ల అదే. రాగి సాంద్రత దాదాపు 9 అయితే దీని సాంద్రత 2.7 మాత్రమే కనుక స్తంభాల మీద బరువు తక్కువ పడుతుంది. విద్యుత్తును మోసే శక్తి మాత్రం రాగిలో సుమారు 61 శాతమే, కాబట్టి అదే కరెంటుకు దీని అడ్డుకోత వైశాల్యం ఇంచుమించు ఒకటిన్నర రెట్లకు పైగా ఉండాలి. అంత మందం ఇచ్చి, తీగ కొసకు తొడిగే తగిన లోహపు లగ్గులు నొక్కి, తగిన క్లాంపులు బిగించిన చోట అది దశాబ్దాల పాటు నిలుస్తోంది. ఇళ్ళలో ప్రమాదమంతా దాని చివర్లలో ఉంది, అంటే స్విచ్చి స్క్రూ కింద, పైకప్పు దగ్గర ఫ్యాను తీగ కలిసే సీలింగ్ రోజ్‌లో, హోల్డర్‌లో, మెలేసి టేపు చుట్టిన అతుకులో.

అతుకు ఎందుకు చెడుతుందో కొంచెం వివరంగా చూద్దాం. అల్యూమినియాన్ని గీసి మెరిసేలా చేసిన మరుక్షణమే గాలి తగిలి దాని మీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర కరెంటును పోనివ్వదు. లోహం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాని, ఆ పొర కరగడానికి రెండు వేల డిగ్రీలు దాటాలి. రెండవది, ఈ లోహం మెత్తనిది. స్క్రూ కింద నొక్కి ఉంచితే నెలలు, సంవత్సరాలు గడిచేకొద్దీ మైనంలా పక్కలకు జరిగిపోతుంది, బిగువు దానంతటదే సడలుతుంది. మూడవది, వేడికి అది రాగి కంటే, ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది. సాయంత్రం లోడు పడినప్పుడు సాగి, రాత్రి లోడు తీసినప్పుడు కుంచించుకుని, ప్రతి రోజూ స్క్రూ కింద ఒక వెంట్రుకవాసి కదులుతుంది. కదిలిన చోట సందు పడుతుంది, సందులో ఆక్సైడు పెరుగుతుంది, ఆక్సైడు వల్ల వేడి పెరుగుతుంది, ఆ వేడి వల్ల సాగడం ఇంకా ఎక్కువవుతుంది. ఇక రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా కలిపి మెలేసిన చోట తేమ చేరితే, బ్యాటరీలో జరిగినట్టే రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి అల్యూమినియం తినుకుపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు పెంకులు లేచిపోయి గోడలు ఎంత నానాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు తడిసిన అతుకులు ఇప్పటికీ విప్పి చూడని ఇళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాయని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు ఫ్యూజు సంగతికి వస్తాను. అక్కగారు ఆ సాకెట్‌కు 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెట్టేవారు. 230 వోల్టుల దగ్గర అది సుమారు ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే అయిదు ఆంపియర్ల సాకెట్ మీద అదే మొదటి తప్పు. స్క్రూ దగ్గర ఆక్సైడు చేరి అర ఓము అడ్డు ఏర్పడిందనుకుందాం. కరెంటు వర్గాన్ని ఆ అడ్డుతో గుణిస్తే దాదాపు 21 వాట్లు వస్తుంది. రేడియో బాగుచేసేవారు వాడే సోల్డరింగు కడ్డీ 25 వాట్లది ఉంటుంది, దాన్ని స్విచ్చి బోర్డులో దాచి వంట అయ్యేదాకా వెలిగించి ఉంచినట్టు లెక్క. కాని ఆ అర ఓము అడ్డు వల్ల లైనులో కరెంటు పెరగదు, రవ్వంత తగ్గుతుంది కూడా. ఫ్యూజుకు గాని, ఫ్యూజు బదులు పెట్టే, కరెంటు మించితే తానే పడిపోయే స్విచ్చి ఎంసీబీకి గాని తెలిసేది కరెంటు పరిమితి దాటడం ఒక్కటే. ఆర్‌సీసీబీ (షాక్ తగలకుండా లైను ఆపేసే స్విచ్చి) చూసేది ఫేజులో వెళ్ళినది న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని మాత్రమే. వదులైన అతుకు దగ్గర ఈ రెండూ మామూలుగానే ఉంటాయి. మా ఇంట్లో ఎంసీబీలు, ఆర్‌సీసీబీ పెట్టించాం, భయం లేదు అని నాతో చాలామంది అంటారు. షాక్ విషయంలో, షార్టు విషయంలో ఆ మాట చాలావరకు నిజమే కాని, అతుకు వేడెక్కడాన్ని ఆ పెట్టెలో ఏదీ పసిగట్టదు.

ఇది మన దగ్గరే జరిగిందని అనుకోవద్దు. అమెరికాలో రాగి ధర పెరిగిన కాలంలో, సుమారు 1965 నుంచి 1973 దాకా, లక్షల ఇళ్ళకు అల్యూమినియం తీగలు వేశారు. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని హాంప్టన్ బేస్‌లో ఒక ఇల్లు కాలి ఇద్దరు మరణించినప్పుడు, సాకెట్ దగ్గరి అల్యూమినియం అతుకే కారణమని తేలింది. ఆ తరువాత అక్కడి వినియోగ వస్తు భద్రతా కమిషన్ చేయించిన సర్వేలో, 1972కు ముందు అల్యూమినియంతో వైరింగు చేసిన ఇళ్ళలో ఏదో ఒక అతుకు అగ్ని ప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి తీగల ఇళ్ళ కంటే 55 రెట్లు ఎక్కువని తేలింది. వారి తీగల మందం, వారి సాకెట్లు వేరు కనుక ఆ అంకెను మన ఇళ్ళకు యథాతథంగా అంటగట్టకూడదు. లోహం స్వభావం మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

మీ ఇంట్లో ఉన్నది ఏ తీగో తొడుగు రంగును బట్టి తెలియదు. మెయిన్ ఆపి, టెస్టరుతో సరిచూసి, వైర్‌మ్యాన్ బోర్డు విప్పినప్పుడు కొస చూడమనండి. తెల్లగా ఉంటే అల్యూమినియమే అని వెంటనే అనుకోకూడదు, ఎందుకంటే ఇంకా పాత రబ్బరు తొడుగు తీగల్లో రాగికి తగరం పూత ఉండేది. చాకుతో సన్నగా గీస్తే రాగి అయితే లోపల ఎరుపు బయటపడుతుంది. బోర్డు విప్పకుండా మీరు చేయగలిగినది కూడా ఉంది. లోడు నడుస్తున్నప్పుడు ప్లేటు మీద అరచేయి ఆనిస్తే వెచ్చగా తగలడం, ప్లగ్ పిన్ను తీయగానే వేడిగా ఉండడం, స్విచ్చి చుట్టూ పసుపు రంగు మరక, ఒక గదిలో ఫ్యాను వేస్తే ఇంకో గదిలో లైటు మినుకుమనడం, చిటపట చప్పుడు, నేను చెప్పిన ఆ వాసన, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ లైను ఆపేసి మనిషిని పిలవండి. స్వయంగా స్క్రూడ్రైవరు పట్టుకోవద్దు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. 1998లో అక్కగారు గ్రైండరు కొన్నప్పుడు, అదే గోడలోని అల్యూమినియం తీగకు కొత్త రాగి తీగను మెలేసి నల్ల టేపు చుట్టింది నేనే. అప్పటికే పిల్లలకు పాఠం చెబుతున్నవాణ్ణి. అందరూ అలాగే చేస్తున్నారు, లైటు వెలుగుతోంది, అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. ఈ సాకెట్ తీసిన రోజున ఆ అతుకును కూడా విప్పించాను. టేపు లోపల రాగికి పచ్చని చిలుము, అల్యూమినియానికి తెల్లని పొడి పట్టి ఉన్నాయి, సగం పోగు తెగిపోయి ఉంది.

కాబట్టి మెలేసిన అతుకు వద్దు. ‘ఏటా ఒకసారి స్క్రూలన్నీ బిగిస్తే చాలు’ అనే మాటను కూడా నేను ఒప్పుకోను. మెత్తని లోహాన్ని బిగించిన ప్రతిసారీ అది ఇంకొంచెం పలచబడి, చివరికి స్క్రూ అంచు దగ్గర తెగుతుంది. అన్నిటికన్నా మేలైన దారి రాగితో వైరింగు మార్చడమే. అంత డబ్బు ఒకేసారి అందరి దగ్గరా ఉండదని నాకు తెలుసు, అందుకని వరస చెబుతాను. ముందు గీజరు, ఏసీ, నీళ్ళ మోటారు, ఇండక్షన్ పొయ్యి వంటి బరువు లోళ్ళను పాత తీగ నుంచి పూర్తిగా విడదీయండి. వాటికి మెయిన్ బోర్డు నుంచి నేరుగా వేరే రాగి లైను, వేరే ఎంసీబీ పెట్టించండి. రెండు కిలోవాట్ల గీజరు ఒక్కటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు తీసుకుంటుంది. తరువాత వంటింటి ప్లగ్గులు, చివరికి లైట్లు, ఫ్యాన్లు. మన పాత ఇళ్ళవి మట్టితో కట్టిన గోడలు కనుక గాడి కొట్టించకండి, గోడ పైనే ప్లాస్టిక్ పైపులో వేయిస్తే గోడకూ మంచిది, రేపు విప్పి చూడడానికీ సులువు. పాత వైరింగులో రెండే తీగలు ఉండేవి, కొత్తదానిలో ఎర్తు కోసం మూడో తీగ తప్పనిసరిగా అడగండి. వదిలేసిన పాత తీగను రెండు చివరలా విడదీయించండి, ఒక వైపు కరెంటు ఉన్న తీగ గోడలో మిగలకూడదు.

మార్చేలోగా ఉన్న లైట్ల లైన్లకు ఆరు ఆంపియర్లకు మించిన ఎంసీబీ వద్దు. ఎంసీబీ సైజును నిర్ణయించేది తీగ, మనం పెట్టే వస్తువు కాదు. తరచుగా పడిపోతోందని పదహారుది పెట్టించుకుంటే ఆ తీగను మనమే కాల్చుకున్నట్టు అవుతుంది. రాగీ అల్యూమినియం తప్పనిసరిగా కలవవలసిన చోట, రెండు లోహాలకూ పనికివస్తుందని దాని మీదే రాసి ఉన్న కనెక్టరు గాని, రెండు లోహాల లగ్గు గాని వాడాలి. కొసను గీసిన వెంటనే, గాలి తగిలే వ్యవధి ఇవ్వకుండా, ఆక్సైడు రాకుండా ఆపే జెల్లీ పూసి బిగించాలి. అమెరికాలో ప్రత్యేక యంత్రంతో నొక్కి వేసే కనెక్టర్లు ఉన్నాయి కాని, ఆ యంత్రం ఉన్న మేస్త్రీని మన వైపు నేను చూడలేదు.

వైర్‌మ్యాన్ సోదరులకు ఒక మనవి. లైసెన్సు లేనివారి చేత ఇంటి వైరింగు చేయించకూడదని నిబంధనలు చెబుతున్నాయి, అది మీ పనికి దక్కిన గౌరవం. ఇంటివారు ‘పైపైన సరిచేసి పో’ అన్నా కూడా, తీగ తెల్లగా కనిపిస్తే ఆ సంగతి వారికి చెప్పకుండా బోర్డు మూయకండి. ఒడియాలో ‘ఢిలా’ అనండి, తెలుగులో ‘లూజు’ అనండి, ఏ భాషలో చెప్పినా మన ఊళ్ళో అర్థమవుతుంది. ఇంటివారికి కూడా ఒక మాట. అతుకులన్నీ విప్పి చూడడానికి రెండు రోజులు పడుతుందని మేస్త్రీ అంటే, ఆ రెండు రోజుల కూలి దగ్గర బేరం ఆడకండి.

అక్కగారి ఇంట్లో వంటిల్లు, స్నానాల గది అయిపోయాయి. వచ్చే ఆదివారం ముందు గది లైన్లు మారుస్తున్నాం. చూడదలచుకున్నవారు పొద్దున్న తొమ్మిదింటికి రావచ్చు, మెయిన్ ఆపిన తరువాతనే బోర్డు విప్పుతాం. ఈ సాకెట్‌ను ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ చేతికి తీసుకుని వాసన చూడండి. గోడ నుంచి తీసి ఏడాది దాటినా అది ఇంకా పోలేదు.