ఒక సీసా మూతి, ఒక సెమిస్టర్

అధ్యాపక మిత్రులకు, డిజైన్ విద్యార్థులకు నమస్కారం.

జపాన్ సౌందర్య దృష్టిని ఇండస్ట్రియల్ డిజైన్ పాఠాల్లోకి ఎలా తేవాలో మాట్లాడమన్నారు. మామూలుగా అది క్లాసులోకి ఎలా వస్తుందో మీకు తెలుసు. వాబి-సాబి (లోపాల్లో, పాతబడటంలో అందం చూసే జపాన్ భావన) అని ఒక స్లైడు, పగుళ్లను బంగారంతో అతికిన గిన్నె ఫొటో, ఇసుకలో గీతలు గీసిన తోట. వారం తిరిగేసరికి పిల్లల ప్రాజెక్టులన్నీ లేత చెక్క రంగులోకీ తెల్లటి ఖాళీల్లోకీ మారిపోతాయి. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఒకే వస్తువును చేతికిచ్చి, వారాల తరబడి దాంతో కూర్చోబెడితే తప్ప ఆ దృష్టి అలవడదని నా గట్టి నమ్మకం.

నేనైతే జపాన్ కంపెనీ కిక్కోమన్ వాళ్ల సోయా సాస్ సీసా ఇస్తాను. 1961లో వచ్చిన 150 మిల్లీలీటర్ల గాజు సీసా, ఎర్ర మూత. జపాన్ డిజైనర్ కెంజి ఎకువాన్, ఆయన బృందం చేసిన డిజైన్ అది. అంతకుముందు ఇళ్లకు సాస్ 1.8 లీటర్ల పెద్ద సీసాల్లో వచ్చేది. దాన్నెత్తి చిన్న పాత్రలోకి వంపుకోవాలి. చిన్నతనంలో అమ్మ అలా అవస్థ పడటం చూశానని ఎకువాన్ చెప్పేవారు. కొత్త సీసాకు మూడేళ్లు పట్టింది. నమూనాలే వందకు పైగా చేశారు.

మూతిని దగ్గరగా చూడండి. దాని కింది అంచును లోపలికి ఏటవాలుగా కోశారు. సీసాను తిరిగి నిలబెట్టగానే చివరి చుక్క తెగి వెనక్కి పోతుంది, పక్కల మీదికి కారదు. అడుగు వెడల్పుగా ఉంది కాబట్టి చెయ్యి తగిలినా అంత తేలిగ్గా పడిపోదు. మెడ సన్నం, వేళ్ల మధ్య ఇట్టే ఇముడుతుంది. ఎంత మిగిలిందో గాజులోంచి కనిపిస్తూనే ఉంటుంది. అరవై ఏళ్లు దాటినా ఆకారం దాదాపు అదే.

ఈ సీసాతో పాటు ఆ మనిషి కథ కూడా చెప్పండి. ఎకువాన్ 1929లో పుట్టారు. హిరోషిమాలో అణుబాంబుకు చెల్లెలు చనిపోయింది. బౌద్ధ పూజారి అయిన తండ్రి రేడియేషన్ జబ్బుతో ఏడాదికి పోయారు. ఎకువాన్ కూడా కొంతకాలం భిక్షువుగా శిక్షణ తీసుకుని, తర్వాత టోక్యో కళా విశ్వవిద్యాలయంలో డిజైన్ చదివారు. ఏమీ మిగలని ఆ ఊరిని చూశాక, మనుషులు తాకగలిగే వస్తువులు చేయాలన్న కోరిక పుట్టిందని ఆయనే చెప్పుకున్నారు. ఇది తెలిసిన విద్యార్థి ఆ చుక్క గురించి మూడేళ్లు ఆలోచించడాన్ని చాదస్తం అనుకోడు.

ఇంకో మాట. ఈ సౌందర్యమంతా వేరే గాలి సోకకుండా అనాదిగా అక్కడే పెరిగిందని మాత్రం చెప్పకండి. జపాన్ ప్రభుత్వం 1928లో సెండై నగరంలో ఒక పారిశ్రామిక కళల పరిశోధన సంస్థ పెట్టింది. 1933లో జపాన్ వచ్చిన జర్మన్ ఆర్కిటెక్ట్ బ్రూనో టౌట్ అక్కడ కొన్ని నెలలు పనిచేశారు. 1940లో వాణిజ్య శాఖ ఫ్రాన్స్ నుంచి డిజైనర్ షార్లెట్ పెరియాన్‌ను పిలిపించింది. ఆమె ఊరూరా కార్ఖానాలు చూసి, తన వాలుకుర్చీని వెదురుతో మళ్లీ చేయించారు. ఆమె వెంట తిరిగిన కుర్రాడు సోరి యనగి, తర్వాత ఆయనా డిజైనర్ అయ్యారు. 1954లో ఆయన చేసిన బటర్‌ఫ్లై స్టూల్ చూడండి: వంచిన ప్లైవుడ్ ముక్కలు రెండు, అచ్చంగా ఒకేలాంటివి, మధ్యలో ఒక ఇత్తడి కడ్డీ. ప్లైవుడ్‌ను అలా వంచడంలో అమెరికాలో డిజైనర్లు ఈమ్స్ దంపతులు చేసిన పని అప్పటికే ఆయన కళ్లముందుంది. పైగా చాప మీద కూర్చునే ఇళ్ల దేశంలో స్టూలు! అయినా దాన్ని చూసి జపాన్‌ది కాదనేవాళ్లు లేరు. సోరి తండ్రి సోఎత్సు యనగి, పేరులేని పనివాళ్లు చేసిన వాడుక వస్తువుల కోసం 1936లో టోక్యోలో మ్యూజియం తెరిచారు. ఆయన కళ్లు తెరిపించినవి కొరియా కుండలు. అప్పటికి కొరియా జపాన్ పాలన కింద ఉంది. ఈ చరిత్రను దాటేసి అందం ఒక్కదాన్నే బోధిస్తే అది సగం పాఠమే.

సోరి యనగి పని డ్రాయింగుతో మొదలయ్యేది కాదు. చేత్తో అసలు సైజు నమూనా చేసి, పట్టుకుని చూసి, మార్చి, మళ్లీ చేసేవారు. మన దగ్గర రెండో వారానికే పిల్లలు కంప్యూటర్ ముందు ఉంటారు. పని చూసి మార్కులేసే జ్యూరీలో మార్కులు రెండరింగ్‌కు, అంటే కంప్యూటర్‌లో గీసిన మెరిసే బొమ్మకు పడతాయి.

గమనించడం కూడా నేర్పాల్సిందే. జపాన్ డిజైనర్ నవొటో ఫుకసావా చెప్పే ఉదాహరణ ఒకటుంది. గొడుగు స్టాండు లేని చోట మనిషి గొడుగు మొన జారకుండా టైల్స్ మధ్య గాడిలో ఆనిస్తాడు, ఆలోచించకుండానే. అలాంటప్పుడు గోడ పక్కన నేలలో ఒక గాడి చాలు, అదే స్టాండు. వేరే వస్తువే అక్కర్లేదు.

మన క్లాసుకు నేను కోరేది ఇదీ. ఒక సెమిస్టర్ అంతా నూనె సీసా ఇవ్వండి. మన వంటింట్లో నూనె సీసా కింద ఎప్పుడూ ఒక ప్లేటో, ముడిచిన పేపరో ఉంటుంది, ఒళ్లంతా జిడ్డే. మొదటి రెండు వారాలు ఇంట్లో చూడటమే పని. అట్టు చుట్టూ నూనె వేసేటప్పుడు అమ్మ సీసాను ఏ చేత్తో పట్టుకుంది, ఎక్కడ పట్టుకుంది, వాడాక ఎక్కడ పెట్టింది, దేంతో తుడిచింది. తర్వాత మట్టితో, ప్లాస్టర్‌తో, త్రీడీ ప్రింటుతో మూతులు చేయించండి. ముప్పై తగ్గకూడదు. ప్రతిదాంతో నూనె వంపి, టిష్యూ పేపర్ మీద మరక కొలిచి, తేదీ వేసి గోడకు అంటించాలి. జ్యూరీ రోజున స్క్రీన్ వద్దు. బల్ల మీద నూనె, పెనం, టిష్యూ పేపర్లు పెట్టండి. జ్యూరీలో ఒకరైనా రోజూ వంట చేసేవాళ్లు ఉండాలి, వాళ్ల చేతిలోనూ మార్కులు ఉండాలి. దీనికి టైమ్ ఎక్కడిదంటారా, సెమిస్టర్‌లో నాలుగు ప్రాజెక్టులుంటే రెండు తీసేయండి.